ఎవరి గోడ, ఎవరి అనుమతి, ఎన్నాళ్ల ఆయుష్షు: తిరుపతి వీధుల్లో కళ

తిరుపతిలో కొత్తగా లేస్తున్న ఏ ఇంటి ముందైనా ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడండి. సెంట్రింగ్ కర్రలకు కట్టిన బూడిద గుమ్మడికాయ ఒకటి వేలాడుతుంటుంది. దానిమీద ఒక ముఖం. తెల్లగా పూసిన గుండ్రటి కళ్లు, వాటిలో మరీ పెద్ద నల్లగుడ్లు, చెవుల దాకా మెలితిరిగిన మీసం, పెదవి దాటి వేలాడే ఎర్ర నాలుక, రెండు పక్కలా కోరలు. కాయ ఎండి ముడతలు పడేకొద్దీ ఆ ముఖం ఇంకా కోపంగా తయారవుతుంది. గీసినాయన పేరు ఎక్కడా ఉండదు. ఇంటాయన దాన్ని కళ అనుకోడు, పక్కింటాయన సరిగ్గా చూడనైనా చూడడు. కానీ వీధిలో పెట్టే బొమ్మ చేయాల్సిన మొదటి పనిని అది చక్కగా చేస్తోంది. వచ్చేపోయేవాళ్ల చూపు ముందు తన మీద పడాలి, తర్వాతే ఇంటి మీద పడాలి. దిష్టి బొమ్మ పెట్టేదే అందుకు.

అదే వీధి మలుపులో కార్పొరేషన్ వాళ్లు వేయించిన పెద్ద రంగుల బొమ్మ ఉంటే దాన్ని మాత్రం అందరం కళ అనే అంటాం. దాని ముందు నిలబడి ఫొటో దిగుతాం. మరి గుమ్మడికాయ మీది ముఖాన్ని ఎందుకు అనం? అలిపిరి మెట్ల మీది పసుపు కుంకుమలు, లారీ వెనక చేత్తో రాసిన అక్షరాలు, వాకిట్లో ముగ్గు, జాతరలో ఒంటికి పూసుకున్న బొగ్గు, సర్కిల్లో నాయకుడి విగ్రహం, గోడ నిండా సిమెంటు ప్రకటన, ఇవన్నీ వీధిలోనే ఉన్నాయి, అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. అన్నిటినీ కలిపి వీధి కళ అని ఒకే మూటలో కడితే ఏదీ అర్థం కాదు.

ఈ చిక్కు విప్పడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ చోటు ఎవరిది? ఇక్కడ గీయడానికి ఒప్పుకున్నది ఎవరు? ఇది ఎన్నాళ్లు ఉండాలని పెట్టారు? బొమ్మ బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. మొదటి రెండూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మూడోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చూసేకొద్దీ అన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది ఆ మూడో ప్రశ్నేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

బయటి నుంచి వచ్చిన రెండు దారులు

గోడ బొమ్మల గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా రెండు చోట్ల పేర్లు తప్పకుండా వస్తాయి. 1920ల్లో, విప్లవం ముగిశాక, మెక్సికో ప్రభుత్వం డియేగో రివేరా లాంటి చిత్రకారులను పిలిచి ప్రభుత్వ భవనాల గోడలు అప్పగించింది. చదువురాని జనానికి దేశం కథ బొమ్మల్లో చెప్పాలన్నది ఉద్దేశం. అక్కడ గోడా సర్కారుదే, అనుమతీ సర్కారుదే. 1970ల న్యూయార్క్‌లో దీనికి పూర్తిగా ఎదురు. కుర్రాళ్లు రాత్రిపూట స్ప్రే డబ్బాలతో రైలు పెట్టెల మీద తమ పేర్లు రాసి పారిపోయేవాళ్లు. అనుమతి లేకపోవడమే ఆ రాతల బలం. మన దేశంలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ 2014 నుంచి ఢిల్లీ లోధీ కాలనీలాంటి చోట్ల చేయించిన బొమ్మలు ఈ రెండో దారి రూపాన్ని తీసుకుని, మొదటి దారిలో అనుమతులు తెచ్చుకున్నవి.

మన జిల్లాల్లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండు లెక్కల్లోనూ ఇమడదు. ఇక్కడ సర్కారు ఒప్పుకోకపోయినా, ఇంటి యజమాని ఒప్పుకోకపోయినా, ఆచారం ఒప్పుకుంటే చాలు. దేవుడు ఒప్పుకుంటే ఇంక అడిగేవాడే లేడు.

సర్కారు గోడ

తిరుపతి 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చింది. అదే ఏడాది కేంద్రం నగరాలకు స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఊరు అందంగా కనిపించడం కూడా ఆ మార్కుల్లో భాగం కావడంతో దేశమంతా గోడలకు రంగులు పడ్డాయి. ఏ ఊరు వెళ్లినా తడి చెత్త, పొడి చెత్త బుట్టలు, గాంధీగారి కళ్లజోడు, చెట్టును చేతుల్లో పట్టుకున్న భూగోళం. మన ఊళ్లో వీటికి తోడు దశావతారాలు, గరుడుడు, తంబుర పట్టుకున్న అన్నమయ్య.

ఈ బొమ్మలు వేసినవాళ్లలో మంచి చేయి ఉన్నవాళ్లు ఉన్నారు. గరుడుడి రెక్కలో ఒక్కో ఈకనూ మూడు ఛాయల్లో దించిన గోడలు చూశాను. లోపం వేరే చోట ఉంది. పని చదరపు అడుగుల లెక్కన ఇస్తారు. ఒక చదరపు అడుగులో కన్ను గీసినా ఆకాశం పూసినా అదే రేటు కాబట్టి, ఆకాశం పెరిగిపోతుంది. గోడను సిద్ధం చేసే పనికి ఆ లెక్కలో చోటుండదు. పాత సున్నం పొడిపొడిగా ఉన్న గోడను గీకకుండా, ప్రైమర్ కొట్టకుండా పైన ఎమల్షన్ వేస్తే, ఆ రంగు పట్టుకునేది గోడను కాదు, సున్నపు పొరను. సున్నం రాలిన రోజు బొమ్మా రాలుతుంది. దీనికి తోడు నేలచెమ్మ. పునాదిలోంచి తడి పైకెక్కుతూ ఉప్పును మోసుకొస్తుంది. తడి ఆరిపోయాక ఉప్పు తెల్లటి పొరగా పైకి పూసి రంగును లోపలి నుంచే నెట్టేస్తుంది. గోడ అడుగున రెండు మూడడుగులు ముందు పాడయ్యేది ఇందుకే. బొమ్మల్లో ఆ ఎత్తులో ఉండేవి పాదాలు. కొండెక్కేముందు పాదాల మండపంలో శ్రీవారి పాదాలకు మొక్కే ఊరిలో, గోడల మీద దేవుళ్లకు ముందుగా పాదాలే రాలిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. చెమ్మ ఎక్కే మేరకు కింద ఒక పట్టీలాగా వదిలేసి బొమ్మను దానిపైన మొదలుపెడితే సగం సమస్య తీరుతుంది. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు తెరుచుకున్నాక ఊరికి కొత్త రకం గోడలు వచ్చాయి, అవే ఫ్లైఓవర్ స్తంభాలు. స్తంభాన్ని చూసేది నడిచేవాడు కాదు, బండి మీద పోయేవాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు దాటిపోతాం. ఒక స్తంభం కంటికి దొరికేది రెండు మూడు సెకన్లే. సన్నటి గీతలు, చిన్న అక్షరాలు అక్కడ వ్యర్థం. మూడు నామాలు మాత్రం ఎంత దూరం నుంచైనా, ఎంత వేగంలోనైనా పోల్చుకోవచ్చు. నిలువుగా మూడు గీతలు, తెలుపు ఎరుపు రెండే రంగులు. రాత్రిపూట ఊళ్లో ఏ మిద్దె ఎక్కి ఉత్తరానికి తిరిగినా కొండ మీద గాలిగోపురం దగ్గర దీపాల నామాలు కనబడతాయి. ఊరంతటికీ ఉమ్మడిగా ఉన్న బొమ్మ ఏదంటే నేను దాన్నే చూపిస్తాను.

గోడ సర్కారుదైతే దానికి ఏ రంగైనా వేసుకోవచ్చా అన్న ప్రశ్నకు కోర్టులు జవాబు చెప్పాయి. గ్రామ పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడాన్ని 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తప్పుపట్టింది. జూన్‌లో సుప్రీంకోర్టూ అదే నిలబెట్టింది. విగ్రహాల సంగతీ అంతే. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత కూడా ఎన్ని లేచాయో ఏ సర్కిల్లోనైనా చూసుకోవచ్చు.

దేవుడి గోడ

అపార్టుమెంటు మెట్ల మూలల్లో, ఆసుపత్రి ప్రహరీల మీద, బస్టాండు వెనక సందుల్లో నడుము ఎత్తులో అతికించిన దేవుళ్ల టైల్స్ చూసే ఉంటారు. వెంకన్న, వినాయకుడు, పక్కనే మక్కా, శిలువ. ఉమ్మి వేయకుండా, మూత్రం పోయకుండా కాపలా. దేవుణ్ణి ఇలా వాడటం అపచారమని కొందరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2022 డిసెంబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. నాకు ఈ టైల్స్ ఇష్టం లేదు. చెత్తకుండీ పెట్టాల్సిన చోట, మరుగుదొడ్డి కట్టాల్సిన చోట దేవుడిని నిలబెట్టి పని అయిపోయిందనిపించుకోవడం అది. అయితే మన ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ మంది, ప్రతిరోజూ, అతి దగ్గరగా చూసే బొమ్మలు మాత్రం అవే.

నాకు ఇష్టమైన దేవుడి గోడ అలిపిరి దారి. గోడ అనడం కంటే మెట్ల వరుస అనాలి. 3,550 మెట్లు. మెట్ల పూజ మొక్కుకున్నవాళ్లు ఒక్కో మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ వంగి వంగి ఎక్కుతారు. పొద్దున ఎక్కినవాళ్లు పెట్టిన బొట్లు మధ్యాహ్నానికి వందల పాదాల కింద అరిగి రాతిలోకి ఇంకుతాయి. దగ్గరగా చూస్తే మెట్టు నిలువు ముఖం మీద పసుపు పొరలు పొరలుగా పేరుకుని, మూలల్లో ముదురు నారింజ రంగుకు తిరిగి ఉంటుంది. దారి మొదట్లో సాష్టాంగపడిన మనుషుల ఆకారాలు రాతిలో చెక్కి ఉంటాయి. ఎవరో ఏ కాలంలోనో తామే అక్కడ పడుకున్నట్టుగా చెక్కించుకున్నారు. చెక్కించినవాడు ఒకడు, రంగు పూస్తున్నది లక్షల మంది. పైన శ్రీవారి పాదాల దగ్గర సొంతిల్లు కావాలని రాయి మీద రాయి పేర్చి పోతారు. ఒకరు పేర్చినదాని మీద ఇంకొకరు ఇంకో రాయి పెడతారు. ఇలాంటిది ఒక పేరున్న కళాకారుడు చేస్తే దానికి వ్యాఖ్యానాలు రాసేవాళ్లం.

అంగడి గోడ

ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లో ప్రతి అక్షరం ఎవరో ఒకరి చేతి కిందినుంచే వచ్చింది. బోర్డు ఆర్టిస్టు పని చూసినవాళ్లకు తెలుసు. ముందు గోడకు తెల్లరంగు. తర్వాత దారానికి సుద్దపొడి పట్టించి, రెండు కొసలూ ఇద్దరు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్య సుద్దతో అక్షరాల కొలత. తలకట్టుకు ఎంత, దీర్ఘానికి ఎంత, కింద వచ్చే వత్తుకు ఎంత చోటు వదలాలి. తెలుగు అక్షరం గుండ్రం కాబట్టి చదును కుంచెను తిప్పుతూ ఒకే ఊపులో లాగాలి. మధ్యలో కుంచె ఎత్తితే అతుకు కనిపిస్తుంది. ఆఖరున ఒక పక్కన నీడ గీత. దాంతో అక్షరం గోడ నుంచి లేచి నిలబడుతుంది. పని అయ్యాక కుడి కింద మూలలో చిన్నగా తన పేరు, పేరు పక్కన 'ఆర్ట్స్'. వీధిలో సంతకం చేసే హక్కు మిగిలినవాళ్లెవరికీ లేదు, ఈయనకే ఉంది.

ఫ్లెక్సీ ఈ పనిని చాలావరకు తుడిచేసింది. మిగిలినవాళ్లు బడుల గోడల మీద, లారీల మీద, పల్లెల్లో ఎరువుల ప్రకటనల మీద బతుకుతున్నారు. గాంధీ రోడ్డు, బేరి వీధి పరిసరాల్లో పాత అంగళ్ల నెత్తిన ఎనామిల్ అక్షరాలు ఇంకా దొరుకుతాయి. అవి చూడాలంటే కంటి ఎత్తు దాటి, కొత్త బోర్డు పైకి, షట్టర్‌కీ మిద్దెకూ మధ్య చోటులోకి చూడాలి. గోడ మీద రాయడానికి చట్టం కూడా ఉంది. బహిరంగ స్థలాలు పాడు చేయడాన్ని నిషేధిస్తూ 1997లో రాష్ట్రం తెచ్చిన చట్టం అనుమతి లేని పోస్టర్లను, రాతలను నేరం చేసింది. చంద్రగిరి కోటలాంటి పురావస్తు శాఖ కట్టడాల మీద పేరు గీకితే ఇంకా కఠినం. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా.

జనం సొంత చోటు

ఇక అసలైన సంపద ఇక్కడ ఉంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే చేసేవాళ్లూ చూసేవాళ్లూ ఒకటే.

ధనుర్మాసంలో తెల్లారకముందు కర్నాల వీధిలాంటి పాత వీధుల్లో నడవండి. తమిళ సరిహద్దు కాబట్టి మన వైపు మెలికల ముగ్గు ఎక్కువ. చుక్కల చుట్టూ ఒకే గీత తెగకుండా తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. ఇది ఎంత కఠినమైన లెక్కో 1970ల్లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ చూపించారు. కంప్యూటర్ భాషలకు వ్యాకరణం రాసినట్టే ముగ్గులకూ వ్యాకరణం రాసి పరిశోధన పత్రాలు వెలువరించారు. ఆ లెక్కను మా అత్తలు, పిన్నమ్మలు పళ్లు తోముకోకముందే వేళ్ల మీద నడిపించేస్తారు. పాలవాడి బండి దానిమీదుగా పోతుంది. ఎవరూ బాధపడరు. రేపు మళ్లీ వేయాల్సిందే కదా.

చిత్తూరు వైపు పల్లెల్లో చెరువు కట్టల మీద, ఊరి పొలిమేరల్లో వీరగల్లులు నిలబడి ఉంటాయి. పశువుల మందల కోసం, ఊరి కోసం పోరాడి చచ్చిపోయినవాళ్ల రాళ్లు. కింద యుద్ధం, మధ్యలో అతణ్ణి ఎత్తుకుపోతున్న అప్సరసలు, పైన స్వర్గం. వెయ్యేళ్లు దాటినవి కూడా వీటిలో ఉన్నాయి. కొన్నిటికి పసుపు పూసి దేవుణ్ణి చేశారు, కొన్నిటి మీద బట్టలు ఉతుకుతున్నారు.

వేసవి వస్తే ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నడుమ ఒకరోజు పొడవాటి మాను నాటి, అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ దాన్నెక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాష్టాంగపడి వరం కోరుకుంటారు. చివరికి దుర్యోధన వధ. భారతం మిట్ట మీద నేలపై వెల్లకిలా పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడు. పదుల అడుగుల పొడవు. బండ్లకొద్దీ మట్టి తోలి, తడిపి, తొక్కి, చేతులతో చరిచి ఆకారం తెస్తారు. తలకు కిరీటం, మనిషి చేయంత మీసం, ఎర్రంచు గీసిన కళ్లు, ఛాతీ మీద హారాలు. అన్నీ సున్నం, ఎర్రమన్ను, నీలి, పసుపు రంగుల్లో. ముఖానికి ఎదురుగా నిలబడితే మొత్తం బొమ్మ కనబడదు. చుట్టూ నడవాలి, లేదా మిద్దెక్కాలి. భీముడు దాని చుట్టూ పరుగులు తీసి గదతో తొడ మీద కొట్టగానే లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు పారతాయి. ద్రౌపది ఆ ఎరుపుతో జుట్టు ముడివేసుకుంటుంది. వానలు పడేసరికి దుర్యోధనుడు మిట్టలో కలిసిపోతాడు. మన దగ్గర ఇంత పెద్ద శిల్పం ఏటా కొత్తగా చేస్తున్నారంటే, దాన్ని చేసే చేతులు ప్రతి తరంలోనూ తయారవుతూనే ఉన్నాయన్నమాట.

తిరుపతిలో దీనికి సాటి వచ్చేది తాతయ్యగుంట గంగమ్మ జాతర. మే నెలలో వారం రోజులు ఊరే గోడ అవుతుంది, మనుషుల ఒళ్లే బొమ్మలవుతాయి. ఆడపిల్లలను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో మారువేషం వేసిందన్న కథను ఊరంతా ఒంటి మీద వేసుకుంటుంది. చాటింపు అయిన మర్నాడు బైరాగి వేషం, ఒళ్లంతా తెల్లటి నామకోపు పూత. తర్వాత బండ వేషం, కుంకుమ ఎరుపు. తోటి వేషం, బొగ్గు నలుపు. దొర వేషం, చందనం పసుపు. ఆపైన మాతంగి, ఆపైన సున్నపు కుండలు. ఒక్కో రోజుకు ఒక్కో రంగు, ఆ రోజు ఆ వీధిలో నిలబడ్డవాడికి వేరే చెప్పనక్కర్లేదు. బొగ్గు పూసుకున్న పిల్లవాడిని దగ్గరగా చూడండి. చెమటకు నలుపు చారలుగా కారి, మోచేతి మడతల్లో చిక్కబడి, వేపమండ తగిలిన చోట గీతలు పడి ఉంటుంది. కళ్లూ పళ్లూ మాత్రం తెల్లగా మెరుస్తుంటాయి. రెండేళ్ల బిడ్డ దగ్గర్నుంచి ముసలాయన దాకా, ఉద్యోగస్తుడూ కూలీ చేసేవాడూ ఒకే రంగులో ఉంటే ఎవరు ఎవరో పోల్చుకోలేం. జాతర రోజు మొక్కున్న మగవాళ్లు చీరకట్టి, పూలు ముడిచి, గాజులు వేసుకుని వస్తారు. ఆఖరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం లేస్తుంది. తెల్లారుజామున దాని చెంప నరుకుతారు. ఆ మట్టి చిటికెడైనా ఇంటికి తీసుకెళ్లాలని జనం విరగబడతారు. రాత్రంతా చేసిన బొమ్మను పొద్దున్నే ప్రసాదంగా పంచేస్తారు.

ఆయుష్షు లెక్క

ఇప్పుడు మూడో ప్రశ్న. ముగ్గు ఆయుష్షు ఒక పూట. విశ్వరూపం ఒక రాత్రి. దుర్యోధనుడు కొన్ని వారాలు. గుమ్మడికాయ ఇల్లు పూర్తయ్యేదాకా. వీటిలో ఒక్కటీ 'శిథిలావస్థలో' కనబడదు. పాడైన ముగ్గును ఎవరూ బాగుచేయరు, కొత్తది వేస్తారు. గుడి గోపురం మీది సుధ (సున్నపు గచ్చు) బొమ్మలు ఎక్కువ కాలం నిలిచేవే, అయినా వాటికీ గడువుంది. పన్నెండేళ్లకోసారి సంప్రోక్షణ (గుడిని శుద్ధి చేసే క్రతువు) జరుగుతుంది, తిరుమలలో 2018 ఆగస్టులో జరిగింది. గడువు వచ్చినప్పుడు గుడి తన కట్టడాన్నీ, బొమ్మలనూ తరచి చూసుకుంటుంది. అంటే ఇక్కడి సంప్రదాయానికి తెలిసిన విద్య బొమ్మను కాపాడటం కాదు, బొమ్మ వేసే పనిని కాపాడటం.

కార్పొరేషన్ గోడకు ఈ గడువే లేదు. దాన్ని శాశ్వతమన్నట్టు వేస్తారు, నాలుగు వానాకాలాలకు రాలిపోయేటట్టు వేస్తారు, మళ్లీ ఎప్పుడు వేయాలో ఏ కాగితంలోనూ రాసుకోరు. అందుకే అది అటు గుడిలాగా నిలవదు, ఇటు ముగ్గులాగా కొత్తగానూ ఉండదు.

ఫొటో దిగేవాళ్లు, బొమ్మ వేసేవాళ్లు తెలుసుకోవాల్సిన చట్టం సంగతి ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించుకోవచ్చు. గోడ చిత్రానికి ఆ మినహాయింపు లేదు. సినిమాలో కనిపించడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, గోడ బొమ్మ ఫొటోను క్యాలెండరు మీదో ప్రకటనలోనో అచ్చేయాలంటే చిత్రకారుణ్ణి అడగాల్సిందే. అదే చట్టంలోని 57వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. బొమ్మ అమ్మేసినా, తన పేరు ఉండాలనీ తన బొమ్మను పాడు చేయకూడదనీ అడిగే హక్కు కళాకారుడికి మిగులుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేసి గోడౌన్‌లో పడేస్తే, ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన గోడల మీద బొమ్మలు వేసిన ఎంతమందికి ఈ హక్కు ఉన్నట్టు తెలుసు? కాంట్రాక్టర్ పేరుంటుంది, పథకం పేరుంటుంది, గీసినవాడి పేరుండదు.

చేతుల కొరత మనకు లేదు. రాతి, సుధ, లోహ, కొయ్య శిల్పాలతో పాటు సంప్రదాయ చిత్రకళ, కలంకారీ నేర్పే తితిదే శిల్ప శిక్షణ సంస్థ తిరుపతిలోనే ఉంది. 40 కిలోమీటర్ల లోపే కలంకారీ ఊరు శ్రీకాళహస్తి, దారిలో కొయ్య బొమ్మల మాధవమాల. అటు పలమనేరులో మట్టి పని. అయితే కలంకారీని గోడకెక్కించేటప్పుడు ఒకటి గమనించాలి. కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి చేసిన కసింతో కలం గీత నడుస్తుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, కరక్కాయ ఇనుముతో కలిసి గీతను నల్లబరుస్తుంది. ఆ గీత అందమంతా గుడ్డకూ కసింకూ మధ్య జరిగే పనిలో ఉంది. చీర అంచు చూసి స్టెన్సిల్ కోసి గోడ మీద అక్రిలిక్ కొడితే మిగిలేది డిజైన్ మాత్రమే. గోడకు గోడ భాష కావాలి. కలంకారీ కళాకారుణ్ణి గోడ దగ్గరికి పిలిచి, సున్నం మీద గీత ఎలా నడుస్తుందో తేల్చుకోవడానికి ఆయనకు నెల రోజులు ఇవ్వాలి. చదరపు అడుగుల టెండరులో ఆ నెల రోజులకు చోటు లేదు.

అందుకని నేను కార్పొరేషన్‌ను అడిగేది చిన్నది. తాతయ్యగుంట నుంచి కోర్లగుంట వైపు పోయే దారిలో ఏదో ఒక్క ప్రహరీ గోడను ఎంచుకుని, దానికి ఎమల్షన్ కాకుండా సున్నం కొట్టించండి. ఏటా జాతర చాటింపుకు వారం ముందు పాతది గీకి, కొత్త సున్నం వేసి, ఆ ఏడాదికి ఒక్కరికి అప్పగించండి. ఒక ఏడు బోర్డు ఆర్టిస్టుకు, ఒక ఏడు ముగ్గులు వేసే వీధి ఆడవాళ్లకు, ఒక ఏడు దుర్యోధనుణ్ణి చేసే మేస్త్రీకి. కూలి రోజుల లెక్కన ఇవ్వండి. కుడి కింద మూలలో పేరు, పేరు పక్కన సంవత్సరం రాసుకోనివ్వండి.